యజమాని కోరిక మేరకు

ఆ శుక్రవారం మధ్యాహ్నం సైట్ ఆఫీసులో అన్నం డబ్బా విప్పి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్ తెరిచాను. సాయంత్రం ఏడున్నరకు రేసు. ఏ టైర్లు వేయాలో, ఎంత పెట్రోలు పోయాలో మూడింటి లోపే పెట్టేయడం నా అలవాటు. తెర మీద నా కార్లు లేవు. నా డ్రైవర్లు లేరు. బూడిదరంగు పేజీలో ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. ఈ జట్టును యజమాని కోరిక మేరకు మూసివేశాం, అని.

యజమానిని నేను. నేను ఏ కోరికా కోరలేదు.

ఫోన్ ఆపి మళ్ళీ వేశాను. ఆఫీసులో సిగ్నల్ సరిగా లేదేమోనని బయటికి వచ్చి, ట్యాంకరు నీడలో నిలబడి చూశాను. అదే వాక్యం. నా కింద పనిచేసే ఆడవాళ్ళు బ్రష్షులు గోడకు ఆనించి కూర్చుని తింటున్నారు. ఒకామె నా ముఖం చూసి, "యెవురికన్నా బాగలేదా?" అని అడిగింది. లేదన్నాను. రెండేళ్ళుగా నేను కట్టుకున్నది ఒకటి పోయిందని చెప్తే, అదేంటని అడుగుతుంది. కారు ఆట అంటే నవ్వుతుంది. నవ్వితే ఆమె మీద అరిచేదాన్ని, అందుకే చెప్పలేదు.

ఆ ఆట ఎలాంటిదో చెప్పాలి. అందులో కారు మనం నడపం. మనకొక రేసు జట్టు ఉంటుంది. డ్రైవర్లను కుదుర్చుకోవాలి. కారు ముందు రెక్క, వెనక రెక్క ఎంత వంచాలో, ఏ టైరుతో మొదలుపెట్టాలో, ఎన్నో చుట్టులో లోపలికి పిలిచి టైర్లు మార్చాలో ముందే రాసి పెట్టాలి. మంగళవారం, శుక్రవారం రేసు దానంతట అదే నడుస్తుంది. మనం చూస్తూ కూర్చోవడమే. ఎన్నో దేశాల వాళ్ళు ఆడతారు. ఐదు తరగతులుంటాయి. అందరూ ఐదో తరగతిలో మొదలై, గెలిస్తే పైకి ఎక్కుతారు, ఓడితే కిందికి దిగుతారు. ఒక్కో సీజను రెండు నెలలు.

దాన్ని మా ఇంటికి తెచ్చింది నా భర్త. మాది పావగడ దగ్గర క్యాతగానచెర్లు అనే ఊరు. మా మేనత్త కొడుకునే చేసుకున్నాను, అందుకని చిన్నప్పటిలాగే బావా అని పిలుస్తాను. ఒకప్పుడు తను శెనక్కాయ వేసిన చేనులో ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళున్నాయి. ఆ చేని గేటు దగ్గరే నీలం చొక్కా వేసుకుని సెక్యూరిటీ డ్యూటీ చేస్తాడు. వచ్చిన బండి నంబరు రాసుకోవడం, గేటు తీయడం, వేయడం. మిగతా పొద్దంతా ఎండను చూస్తూ కూర్చోవడం. ప్లాంటుకు వచ్చిపోయే ఒక ఇంజనీరు ఆయనకు ఈ ఆట చూపించాడు.

నాది అదే సోలార్ ప్లాంటులో, వల్లూరు బ్లాకులో పని. ప్యానెళ్ళు కడిగే ముఠాను నడిపిస్తాను. ఏ వరస కడిగారు, ఏది మిగిలింది, గాలి వేడి ఎంత, ప్యానెల్ వేడి ఎంత అని పుస్తకంలో రాస్తాను. పావగడలో పీయూసీ, అంటే ఇంటరు దాకా చదివాను కాబట్టి ఇంగ్లీషు కొంచెం చదవగలను. మా ఆయనకు అది తక్కువ.

ఒక ఆదివారం పొద్దున ఆయన ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఇదేందో చూడుమే. డ్రైవరు ఏమో అంటాండాడు, నాకు తెలీలే."

చదివాను. మలుపులో కారు ముందు భాగం తేలిపోతోందని, తిప్పిన వైపు తిరగడం లేదని రాసి ఉంది.

"ముందు రెక్క ఇంకొంచెం వంచల్ల ఏమో," అన్నాను.

"ఎంత?"

"నాకేం తెలుసు. కొంచెం వంచి చూడు. మళ్ళా ఏమంటాడో అడుగు."

వంచాడు. డ్రైవరు ఇప్పుడు వెనక భాగం జారుతోందన్నాడు. వెనకది సర్దాం. ఆ రేసులో మా ఆయన జట్టు మొదటిసారి ఆరో స్థానంలో వచ్చింది. నెల తిరిగేసరికి రెక్కలు, టైర్లు అన్నీ నేనే చెప్తున్నాను, ఆయన నొక్కుతున్నాడు. నాకు అది చాలలేదు. నా జట్టు నాకు కావాలన్నాను.

"పెట్టుకో," అని తనే తన ఫోన్లో తెరిచి ఇచ్చాడు. "మెయిలు అడుగుతాండాది. నాదే ఏస్తా. ఏమైతాది?"

అప్పుడు నాకు మెయిల్ లేదు. సరేనన్నాను. జట్టుకు మా అత్త మందలో ముందు నడిచే గొర్రె పేరు పెట్టాను. తర్వాత నేను కొత్త ఫోన్ కొనుక్కుని అందులో ఆడుకున్నాను. మెయిల్ మార్చుకోవాలన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇంట్లో మనిషి మెయిలే కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ ఆటలో నేను ఎదగడానికి కారణం నా పనే. గాలి వేడి, ప్యానెల్ వేడి ఒకటి కావని నాకు రోజూ కనిపిస్తుంది. గాలి చల్లగా అనిపించే రోజు కూడా అద్దం మీద చెయ్యి పెట్టలేం. ఆటలో గాలి వేడి ఎంతో చూపిస్తారు, ట్రాక్ వేడి చూపించరు. అందరూ దాన్ని చూసే టైర్లు వేస్తారు. నేను రేసు అయ్యాక ఏ చుట్టులో ఎవరి టైరు అరిగిందో చూసి, తెర మీద మబ్బు ఉందా, ఎండ కాసిందా అని ఇంకో పుస్తకంలో రాసుకునేదాన్ని. నాలుగు సీజన్లు రాశాక ఒక సంగతి తెలిసింది. ఎండ బాగా కాసే రోజు మెత్తటి టైరు అందరూ అనుకున్నదానికంటే మూడు చుట్లు ముందే పోతుంది. గట్టి టైరు అందరూ అనుకున్నదానికంటే చాలా దూరం వస్తుంది. ఇది ఆటలో ఎక్కడా రాసి లేదు. నాకు ఎవరూ చెప్పలేదు. నేను కనుక్కున్నాను.

రెండేళ్ళలో నేను రెండో తరగతికి ఎక్కాను. మా ఆయన నాలుగుకీ మూడుకీ మధ్య తిరుగుతున్నాడు. మొదట్లో నా గురించి గొప్పగానే చెప్పుకునేవాడు. టీ అంగడి దగ్గర, "మా ఇంటామె రెండో క్లాసులో ఉండాది," అనేవాడు. విన్నవాళ్ళు నేను కాలేజీలో చేరాననుకున్నారు.

ఈ ఆట ఆడే మన దేశం వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మా ఆయన ముందు నుంచీ అందులో ఉన్నాడు. నేనూ చేరాను. అందులో మాటలన్నీ హిందీ, ఇంగ్లీషు. అందరూ నన్ను భాయ్ అనేవాళ్ళు. నేను ఆడమనిషినని ఒకసారి రాశాను. నవ్వే బొమ్మలు పెట్టారు. మర్నాడు మళ్ళీ భాయ్. మా ఆయన అదే గ్రూపులో ఉండి కూడా నోరు విప్పలేదు. "యెట్లన్నా పిలవనీలే, ఆటకేమన్నా తక్కువైందా?" అన్నాడు.

ఆ గ్రూపును నడిపేవాడు పూణేలో ఉంటాననేవాడు. నా తరగతిలోనే ఆడేవాడు. కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పేవాడు. ఒక మంగళవారం రేసు ఎండ మండిపోయే ట్రాక్ మీద పడింది. టైర్లు రెండుసార్లు మార్చాలని అతను ముందురోజే గ్రూపులో రాశాడు. అందరూ అదే చేశారు. నేను గట్టి టైర్లతో మొదలుపెట్టి ఒక్కసారే మార్చాను. గెలిచాను. అతను నా వెనక నాలుగో స్థానంలో వచ్చాడు.

ఆ సాయంత్రం ఒకరిద్దరు మెచ్చుకున్నారు. అతను మాత్రం ఇలా రాశాడు. "మీ రెండు జట్లూ ఒకే ఇంటి నుంచి, ఒకే నెట్ మీద నడుస్తున్నాయి కదా భాయ్. రూల్స్ చూసుకోండి."

ఒకే ఇల్లే, మనుషులం ఇద్దరం అని జవాబు రాశాను. మాటలు తర్వాతి రేసు మీదికి పోయాయి. నేనూ మరిచిపోయాను. మూడు వారాల తర్వాత ఆ బూడిదరంగు పేజీ కనిపించింది.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. నేను స్కూటీ స్టాండు కూడా సరిగా వేయలేదు.

"బావా, నా జట్టు యాడ పోయింది?"

"ముందు కూచో."

"కూచోను. యాడ పోయింది?"

ఆయన రెండో బూటు లేసులు విప్పుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. "మెయిలు వచ్చిండె. రెండు జట్లూ ఒకడే ఆడతాండాడని యెవుడో కంప్లెయింట్ ఇచ్చినాడంట. వారం లోపల ఒకటి ఉంచుకోమన్నారు. చెప్పకపోతే రెండూ తీసేస్తామన్నారు."

"ఎప్పుడొచ్చింది?"

"పోయిన శనివారం."

"ఆరు దినాలాయె. నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు వాళ్ళతో కొట్లాటకు పోతావు. రెండూ పోతాయి."

"నువ్వేం రాసినావు?"

ఫోన్ తీసి ఇచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. రెండు జట్లూ నావే. రెండోది సరదాకు పెట్టుకున్నాను. మొదటిది ఉంచండి. క్షమించండి.

ఆ నాలుగు ముక్కలు నేను ఎన్నిసార్లు చదివానో. ఆయన ఇంగ్లీషులో ఏం రాయాల్సి వచ్చినా నా దగ్గరికి తెచ్చేవాడు. గేటు రిపోర్టులో ఒక స్పెల్లింగు తెలియకపోతే ఫోన్ చేసేవాడు. నన్ను తుడిచేసే ఉత్తరం మాత్రం ఎవరినీ అడగకుండా సొంతంగా రాసుకున్నాడు.

"ఒకటే ఉంచుకోవాలంటే నాది ఉంచల్ల గదా," అన్నాను. "నాది రెండో క్లాసులో ఉండాది. నీది నాలుగుకు దిగేదానికి రెడీగా ఉండాది."

"ముందు మొదలుపెట్టింది నేను. ఆట నీకు చూపిచ్చింది నేను గదమే."

"చూపిస్తే?"

"నువ్వు నాది ఆడు. పాస్‌వర్డ్ ఇస్తా. ఇద్దరం కలిసి ఆడదాం. మొదట అట్లే గదా ఆడింది."

తనకు అందులో తప్పేమీ కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. దొంగతనం చేసినవాడి ముఖంలో భయమన్నా ఉంటుంది. ఆయన ముఖంలో ఇంటికి ఒక కష్టం వస్తే తెలివిగా గట్టెక్కించానన్న తృప్తి ఉంది.

మా అత్త గొర్రెలను దొడ్డిలోకి తోలి, కర్ర పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. మా ఇద్దరినీ చూసింది.

"ఏందిమే, ఏమాయె?"

"ఏం లేదుమా," అన్నాడాయన. "ఫోన్లో ఆట. దానికి పోయి కోపం చేసుకుంటాది."

నేను అత్తకు మొత్తం చెప్పాను. కార్లు, తరగతులు ఆమెకు ఎంత అర్థమయ్యాయో తెలియదు. నాది ఒకటి ఉండేదని, తనదని చెప్పి ఇచ్చేశాడని మాత్రం అర్థమైంది.

"ఇచ్చేముందు దాన్ని అడిగితివా?" అంది కొడుకుతో.

"ఆటమా అది. భూమి గాదు."

"భూమికీ అడగలేదులే," అని లోపలికి పోయింది.

బలసముద్రం వైపు మా అత్తకు పుట్టింటి వాళ్ళిచ్చిన చిన్న భూమి చెక్క ఉండేది. దాన్నీ మిగతా భూమితో కలిపి ప్యానెళ్ళకు రాసేశారు. వేలిముద్రకు తాలూకా కచేరికి పిలుచుకుపోయే రోజే ఆమెకు ఆ సంగతి తెలిసింది. దాని గురించి ఆమె మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి. మా ఆయన తల వంచుకుని బూట్లు తీసుకుని గోడ దగ్గర పెట్టాడు. ఆ పూట నేను వంట చేయలేదు. ఎవరూ అడగలేదు.

సోమవారం నుంచి ఆట నడిపేవాళ్ళకు అర్జీ రాయడం మొదలుపెట్టాను. మూడు రోజులు పట్టింది. టీకి వదిలినప్పుడల్లా కూర్చుని డిక్షనరీ చూసుకుంటూ రాశాను. నేను వేరే మనిషినని, నా ఫోన్ వేరని, నా టైర్ల పుస్తకం ఉందని రాశాను. పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపాను. కావాలంటే మా ఇద్దరికీ ఒకే సమయంలో వేరువేరు పరీక్ష పెట్టండి, ఎవరు ఎవరో తెలుస్తుంది, అన్నాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. ఖాతా ఎవరి మెయిల్ మీద ఉందో ఆయనే రెండూ తనవని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, కాబట్టి మేము మళ్ళీ పరిశీలించలేము, అని.

నేను నాలుగు పేజీలు రాశాను. ఆయన నాలుగు ముక్కలు రాశాడు. వాళ్ళు ఆయన్నే నమ్మారు.

మా ఆయనతో ఇంకో ఉత్తరం రాయించాను. పక్కన నిలబడి రాయించాను. ముందు చెప్పింది అబద్ధం, ఆ జట్టు నా భార్యది అని. "ఇది రాస్తే నాది కూడా పోతాది ఏమో," అన్నాడు. "పోనీ," అన్నాను. చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుని, చివరికి పంపాడు. ఆయనది పోలేదు. నాది రాలేదు. మీ మాటలు పొంతన లేకుండా ఉన్నాయి, ఈ విషయం ఇంతటితో ముగిసింది అన్నారు.

గ్రూపు వాళ్ళు ఆదివారం పొద్దున పదింటికి అందరూ కలిసి ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ వారం మా ఆయన్ని మాట్లాడమన్నాను. ఆయన హిందీ అంతంత మాత్రం. ఎలాగో చెప్పాడు. జట్టు తనది కాదని, భార్యదని, తప్పు చేశానని. అటునుంచి పూణే మనిషి నవ్వాడు.

"ఇంట్లో గొడవైందా భాయ్? భాభీకి కోపం వచ్చిందా?"

ఇంకెవరో కూడా నవ్వారు. నేను ఫోన్ లాక్కున్నాను. హిందీ వింటే అర్థమవుతుంది గానీ నాకు మాట్లాడటం రాదు, ఇంగ్లీషులోనే మాట్లాడాను. తప్పులు వచ్చాయి, వస్తే రానీ అనుకున్నాను. మీరు ఓడిపోయిన రేసులో నేను ఏ టైరుతో మొదలుపెట్టానో, ఎన్నో చుట్టులో మార్చానో, ఎంత పెట్రోలు మిగిలిందో చెప్పాను. ఎందుకలా చేశానో చెప్పలేదు. కంప్లెయింట్ ఇచ్చింది మీరేనా అని అడిగాను.

నవ్వులు ఆగాయి. తర్వాత అతను, రూల్ రూలే కదా, నేను అందరి మంచికే ఇచ్చాను, అన్నాడు. ఇంకొకతను గొంతు మార్చి, మర్యాదగా, "మేడం, ఆ రోజు ఒక్కసారి మార్చితే చాలని మీకెలా తెలిసింది? అది చెప్తే మాకూ నమ్మకం కుదురుతుంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళు నేను పోగుచేసుకున్నది వాళ్ళ చేతిలో పెడితే, నేను ఉన్నానని ఒప్పుకుంటారట.

"నేను పరీక్ష రాసేదానికి రాలేదు," అన్నాను. ఫోన్ పెట్టేశాను. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

నా కోపం చూసి చుట్టుపక్కల వాళ్ళకు విసుగొచ్చింది. మా అమ్మ ఫోన్ చేసి, కట్టుకున్నవాడితో ఆట కోసం మాటలు మానేస్తారా, అంది. ఆట కోసమని ఆమెకు ఎవరు చెప్పారో. ఎవరైనా వచ్చి నా పని పుస్తకంలో నా పేరు కొట్టేసి తన పేరు రాసుకుంటే ఇదే మాట అంటారా? అప్పుడు జీతం పోతుంది కాబట్టి అనరు. ఇందులో పోయింది నేను చేసిన పని, నా బుర్రతో చేసింది, కాబట్టి సరదా అయింది. నెల రోజులు నేను మా ఆయనతో అవసరమైనంతే మాట్లాడాను. అన్నం ఉండాది. నీళ్ళు రాలేదు. అత్తకు మాత్రలు తేవాల్ల. అంతే.

ఆ నెల చివర్లో కొత్త మెయిల్ తెరిచాను, నా నంబరు మీద. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడేటట్లయితే ముందే తెలియజేయాలని రూల్స్‌లో ఉంది. ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో. నేను మొదట అది రాసి పంపి, వాళ్ళ ఒప్పుకోలు వచ్చాకే జట్టు తెరిచాను. ఐదో తరగతి. అడుగున. అరిగిన కారు, ఎవరికీ అక్కరలేని డ్రైవరు. పాత జట్టులో నా దగ్గర ఎంత మంచి డ్రైవరు ఉండేవాడో గుర్తొచ్చి, మొదటి రేసు చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. పదిహేడో స్థానం.

పుస్తకం నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరూ మూసేయలేకపోయారు. రెండు సీజన్లలో మూడో తరగతికి వచ్చాను.

మా ఆయన జట్టు ఐదుకు దిగింది. ఒకసారి వాన పడే రేసు ముందు వచ్చి నిలబడ్డాడు.

"వానకు ఏ టైరు ఎప్పుడు మార్చల్లో చెప్పవా?"

"చెప్పను."

"అడుగుతాండా గదా ఇప్పుడు."

"అడిగినావు. చెప్పనంటాండా."

ఆయన పోయి తనకు తోచింది పెట్టుకున్నాడు. ఓడిపోయాడు. నాకు జాలి వేయలేదని అబద్ధం చెప్పను, కొంచెం వేసింది. అయినా చెప్పలేదు. ఇప్పుడు ఆయన కూడా ఒక నోటు పుస్తకం పెట్టుకుని రాసుకుంటున్నాడు. చూశాను. సగం తప్పులు. దిద్దలేదు.

పోయిన నెల గ్రూపు నడిపే పూణే మనిషి నుంచి నా కొత్త జట్టుకు ఆటలోనే సందేశం వచ్చింది. బాగా ఆడుతున్నారు భాయ్, మా గ్రూపులో చేరండి, అని. నేనెవరో అతనికి తెలియదు. మీ కంప్లెయింట్‌తో మూతపడిన జట్టు నాదే, అని ఒక్క వాక్యం రాశాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. క్షమించమన్న మాట వస్తుందేమోనని నాలుగు రోజులు ఎదురుచూశాను. ఎదురుచూసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

ఇంట్లో ఇప్పుడు మాటలు మామూలే. కలిసే తింటాం, సంతకు కలిసే పోతాం. మొన్న స్కూటీ మీద వస్తుంటే వెనక కూర్చున్న మా ఆయన, ఉన్నట్టుండి అడిగాడు.

"ఇంకా కోపం ఉండాదామే నీకు?"

"ఉండాది," అన్నాను.

రోడ్డుకు రెండు వైపులా కడగని ప్యానెళ్ళు దుమ్ముతో ఎర్రగా ఉన్నాయి. మర్నాడు ఏ వరస నుంచి మొదలుపెట్టాలా అని చూసుకుంటూ బండి నడిపాను.